హాస్టల్ అద్దాల కేసు: పగలగొట్టింది ఎవరు, ఇరుక్కున్నది ఎవరు?

(హైదరాబాద్ స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైకోర్టు న్యాయవాది, విశ్రాంత డీఎస్పీ, విశ్రాంత ప్రిన్సిపల్, విద్యార్థి సంఘం ప్రతినిధి. మాట మీద మాట పడిన చోట్లు అలాగే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. నగర శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో భోజనం బాగాలేదని గొడవ మొదలైంది. మెస్ అద్దాలు, కుర్చీలు పగిలాయి. నష్టం లక్ష దాటిందని యాజమాన్యం ఫిర్యాదు చేసింది. నా ప్రశ్న సూటిగా ఒకటే. ఈ డబ్బు తల్లిదండ్రులు కట్టాలా, వద్దా? డీఎస్పీ గారూ...

డీఎస్పీ: కట్టాల్సిందేనండీ. అన్నం బాగాలేదని ఆస్తి పగలగొట్టే హక్కు ఎవరికీ లేదు. 2009లో సుప్రీంకోర్టు ఆస్తుల విధ్వంసం మీద తీర్పు ఇచ్చింది. ఆ కేసు పేరులోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. పగలగొట్టినవాళ్లదీ, పిలుపు ఇచ్చినవాళ్లదీ బాధ్యతే అని...

న్యాయవాది: పగలగొట్టినవాళ్లది సార్. అక్కడే ఆగండి. ఎవరు పగలగొట్టారు? ఎఫ్ఐఆర్‌లో కొన్ని పేర్లు రాసి చివర ‘మరికొందరు’ అని పెడతారు. ఆ ‘మరికొందరు’లోకి తర్వాత ఎవరినైనా చేర్చొచ్చు. పైగా ఆ తీర్పులో నష్టం తేల్చే పని కోర్టు నియమించే క్లెయిమ్స్ కమిషనర్‌కి అప్పగించారు. కాలేజీ అకౌంటెంట్‌కి కాదు.

డీఎస్పీ: నేను పూర్తి చేయనివ్వండమ్మా...

న్యాయవాది: లెక్క గురించి ఒక్క మాట సార్. కొత్త శిక్షా చట్టం భారతీయ న్యాయ సంహిత, దాని సెక్షన్ 324లో నష్టం ఇరవై వేల నుంచి లక్ష లోపు అయితే రెండేళ్ల వరకు శిక్ష. లక్ష, ఆపైన అయితే ఐదేళ్ల వరకు. అంటే యాజమాన్యం ఇచ్చే అంచనా శిక్షనే మారుస్తోంది. మరి ఆ అద్దం ఎప్పుడు కొన్నారు? బిల్లు ఎక్కడ? పాత కుర్చీకి కొత్త ధర ఎలా వేస్తారు? లాయర్ మొదట అడగాల్సింది ఇదే.

యాంకర్: బాగుంది. కానీ ఎంత తేలినా తల్లిదండ్రులు కట్టాలా లేదా?

ప్రతినిధి: సార్, అసలు పేర్లు ఎలా వచ్చాయో అడగండి. సీఆర్, అంటే క్లాస్ రిప్రజెంటేటివ్ పేరు రాశారు, వాట్సాప్ గ్రూప్ అడ్మిన్ పేరు రాశారు. అన్నంలో పురుగులున్నాయని వారం ముందు ఫొటో పెట్టినవాడి పేరు కూడా ఉంది. రాయి పట్టుకున్నవాడు...

ప్రిన్సిపల్: అది అన్యాయమైన మాట బాబూ. సీసీటీవీ చూసే ఇస్తారు.

న్యాయవాది: సీసీటీవీలో కనబడటం వేరు, పగలగొట్టడం వేరు. అక్రమ సమావేశం సెక్షన్ కలిపితే గుంపులో నిలబడ్డవాడిని కూడా నిందితుడిగా చూపొచ్చు. అందుకే ఎవరు ఏం చేశారో విడివిడిగా చెప్పమని అడుగుతున్నాను. ఫుటేజీకి కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద, దాన్ని ఎక్కడి నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. వార్డెన్ ఫోన్‌లో తీసిన వీడియో కాపీల మీద కాపీలు తిరుగుతుంటే అదే సాక్ష్యమంటే ఎలా?

డీఎస్పీ: ఈ టెక్నికల్ సాకులతోనే అందరూ బయటపడుతున్నారు. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పడగొట్టారు. అందరూ చూశారు...

ప్రతినిధి: సార్, ఉద్యమాన్ని మెస్ గొడవతో కలపకండి!

డీఎస్పీ: కలపడం లేదు తమ్ముడూ, పోలికకి చెబుతున్నా. పగిలింది పగిలిందే కదా.

ప్రతినిధి: ఆ ఉద్యమ కేసులు ఎన్నో ఎత్తేశారు కదా! వీళ్లవీ ఎత్తేయండి.

న్యాయవాది: అది ఆశగా పెట్టుకోకు తమ్ముడూ. ఎత్తేయాలన్నా కోర్టు ఒప్పుకోవాలి. కేరళ అసెంబ్లీలో వస్తువులు ధ్వంసం చేసిన ఎమ్మెల్యేల కేసు వెనక్కి తీసుకుంటామంటే 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

యాంకర్: చరిత్రలోకి వెళ్లొద్దు, మళ్లీ తల్లిదండ్రుల దగ్గరికి రండి. పెంపకం గురించి కూడా...

న్యాయవాది: పెంపకం సంగతి తర్వాత. ఈ క్షణం ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించండి. పిల్లాడికి ఫోన్ వస్తుంది, స్టేషన్‌కి రమ్మంటారు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు. అరెస్టు, విచారణ పద్ధతి చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు గట్టిగా చెప్పిందీ ఇదే. నోటీసు వస్తే తప్పించుకోవద్దు, లాయర్ని వెంట తీసుకెళ్లండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు ఉంచాలి. లాయర్‌కి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి, లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ అది. పద్దెనిమిది నిండని పిల్లలుంటే అసలు దారే వేరు, జువెనైల్ జస్టిస్ బోర్డు.

ప్రిన్సిపల్: కేసు దాకా ఎందుకండీ? మా కాలంలో క్షమాపణ పత్రం రాయించుకుని వదిలేసేవాళ్లం.

న్యాయవాది: సార్, దయచేసి ఆ పని చేయించకండి! పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. కానీ మీకు రాసిచ్చిన కాగితాన్ని రేపు కోర్టులో ఒప్పుకోలుగా పెడతారు. సస్పెన్షన్ ఎత్తేస్తామంటే అమాయకుడు కూడా ‘మా వల్ల నష్టం జరిగింది’ అని రాసేస్తాడు. భయపెట్టి రాయించారని వాదించుకోవాల్సింది మళ్లీ ఆ పిల్లాడే. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు మొదట చెప్పేది ఇదే. ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దు.

ప్రిన్సిపల్: అంటే తప్పు చేసినవాడు కూడా క్షమాపణ చెప్పొద్దా?

న్యాయవాది: చెప్పాలి, లాయర్‌తో మాట్లాడాక. తప్పు చేసినవాడు నష్టం కడితే రాజీకి దారి ఉంది. 21 ఏళ్లు నిండనివాళ్లను వీలైనంత వరకు జైలుకు పంపకుండా చూసే ప్రొబేషన్ చట్టం 1958 నుంచే ఉంది.

డీఎస్పీ: ఇన్ని వెసులుబాట్లు చెబితే భయం ఎక్కడుంటుంది? ప్రజా ఆస్తుల చట్టం పెట్టాలి, 1984ది.

న్యాయవాది: సొసైటీ నడిపే ప్రైవేటు హాస్టల్ అద్దం ప్రజా ఆస్తి ఎలా అవుతుంది సార్? ఆ చట్టంలో ప్రజా ఆస్తి అంటే ఏమిటో రాసి ఉంది. అది చదవకుండా సెక్షన్ రాయబట్టే ఈ పిల్లలకి బెయిల్ కష్టమవుతోంది.

డీఎస్పీ: అందరూ అలా రాయరు...

న్యాయవాది: రాస్తున్నారు సార్. నేను రోజూ చూస్తున్నాను.

ప్రతినిధి: ప్లేస్‌మెంట్ ఫారంలో కేసు ఉందా అని అడుగుతారు మేడమ్, ఏం రాయాలి?

న్యాయవాది: ఉన్నది రాయాలి. ఉద్యోగానికి ఇచ్చే సమాచారం నిజమే ఉండాలని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. కేసు చిన్నదైతే ఉద్యోగమిచ్చే సంస్థ క్షమించొచ్చు. దాచావని తేలితే ఉద్యోగమే పోవచ్చు. అందుకే కేసు బలహీనంగా ఉంటే దాన్ని కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయాలి...

యాంకర్: చివరి నిమిషం. అందరూ ఒక్క మాటలో చెప్పండి. తల్లిదండ్రులు కట్టాలా?

డీఎస్పీ: కట్టాలి.

ప్రిన్సిపల్: సగం కాలేజీ కూడా భరించాలేమో...

ప్రతినిధి: ముందు మెస్ బాగుచేయండి సార్.

న్యాయవాది: ఎవరు పగలగొట్టారో తేలకుండా కట్టమంటే ఎలాగండీ? బిల్లు చూపించమనండి, వీడియో పూర్తిగా ఇమ్మనండి, ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఏం చేశారో రాయమనండి...

యాంకర్: మేడమ్, టైమ్ అయిపోయింది.

న్యాయవాది: ...‘మరికొందరు’ అనే మాట కొట్టేయమనండి ముందు.