తల అతుకుల జబ్బు: ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

(పర్లాకిమిడి తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పసిబిడ్డ తల వంకరగా కనిపిస్తే మన ఇళ్లలో రెండు మాటలు వస్తాయి. "నీళ్లు పోసేటప్పుడు నూనె రాసి ఒత్తితే సర్దుకుంటుంది" అనేది ఒకటి. "కడుపుతో ఉండి గ్రహణం చూసుంటుంది" అనేది రెండోది. ఆ రెండో మాట ఇక అనొద్దని పెద్దవాళ్లందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. పుర్రె ఎముకల మధ్య అతుకులుంటాయి. మెదడు పెరిగేకొద్దీ పుర్రె పెరిగేది అక్కడే. ఒక అతుకు ముందే మూసుకుపోతే తల ఇంకో దిక్కుకి సాగుతుంది. దాన్నే క్రేనియోసినోస్టోసిస్ అంటారు. సుమారు 2,000 నుంచి 2,500 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. అతుకులతో పాటు ముఖం ఎముకలూ దెబ్బతినే క్రూజాన్, ఏపర్ట్ అనే జబ్బులు ఇంకా అరుదు. వాటికి ఎక్కువగా ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో మార్పు కారణం. చాలాసార్లు అది ఆ బిడ్డతోనే కొత్తగా మొదలవుతుంది. తల్లి తప్పు ఇందులో ఏముంది?

ఎప్పుడూ ఒకే వైపు పడుకోబెట్టడం వల్ల తల చదునైతే టెన్షన్ పడక్కర్లేదు. అతుకు మీద వేలితో తడిమినప్పుడు గట్టులా తగిలితే మాత్రం ఆగకండి. కెమెరాతో, చిన్న కోతతో చేసే ఆపరేషన్ మామూలుగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే కుదురుతుంది. పుర్రె తెరిచి సరిచేసేది ఎక్కువగా ఏడాది లోపే చేస్తారు. వాళ్లు చెప్పారని ఒక చోటికి, వీళ్లు చెప్పారని ఇంకో చోటికి తిరిగేసరికి ఆ నెలలు కాస్తా అయిపోతాయి. నాకు బాధంతా అదే.

ముందు జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలను తొందరగా పట్టుకునే జిల్లా కేంద్రానికి వెళ్లండి. పుట్టుకతో వచ్చే లోపాలు చూసి పైకి పంపడం వాళ్ల పని. అక్కణ్ణుంచి బరంపురం పంపినా, భువనేశ్వర్ ఎయిమ్స్‌కు పంపినా, మీరే విశాఖ వెళ్లినా, నోరు తెరిచి అడగండి: న్యూరోసర్జన్, ప్లాస్టిక్ సర్జన్ కలిసి చేస్తారా? పసివాళ్లకు మత్తిచ్చే డాక్టర్, పిల్లల ఐసీయూ ఉన్నాయా? పోయిన ఏడాది ఇలాంటివి ఎన్ని చేశారు? మంచి డాక్టర్‌కి ఈ ప్రశ్నతో కోపం రాదు. ఫ్రాన్స్ సర్జన్ పాల్ టెస్సియే 1967లో రోమ్‌లో తన తల, ముఖం ఎముకల ఆపరేషన్ల గురించి చెప్పిన నాటికే ఇది న్యూరోసర్జన్‌తో కలిసి చేసే పని.

వెళ్లే ముందు బిడ్డ జుట్టు తడిపి అణిచి, నడినెత్తి మీదుగా, ముందు నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసుకోండి. కనుబొమల పైనుంచి వెనక ఎత్తు మీదుగా టేపు చుట్టి, ఆ కొలత తేదీతో సహా కార్డులో రాయించండి.

ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మన ఒడిశా రేషన్ కార్డుకు రాదు. ఆయుష్మాన్ కార్డు పక్క రాష్ట్రంలోనూ చెల్లుతుంది గానీ, ఆ ఆసుపత్రి పథకంలో ఉండాలి, ఆ ఆపరేషనూ ఉండాలి. బస్సెక్కక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

టేపులు తెచ్చాం. ఏడాది లోపు పిల్లలున్నవాళ్లు ఆ బల్ల దగ్గరికి రండి, ఆశా అక్కలు కొలిచి రాసిస్తారు.