ఎండని కాదు, నీళ్లని చూసి: సెయిలింగ్‌కి డ్రైసూట్

[సియాటిల్, షిల్‌షోల్ బే. మే నెల మధ్యాహ్నం. జెట్టీ మీద నిలబడి]

నమస్కారమండీ. ఎండ చూశారా, ఎంత బావుందో! ఇలాంటి రోజున మనవాళ్లంతా టీషర్టులతో బయటికొచ్చేస్తారు. కానీ ఈ నీళ్లు... [చెయ్యి ముంచి] అమ్మో! 10, 11 డిగ్రీలు ఉంటాయంతే. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బల్ల మీద పెట్టిన బాటిల్ గుర్తు తెచ్చుకోండి.

చిన్న పడవల్లో సెయిలింగ్ చేసేవాళ్లం ఎప్పుడో ఒకప్పుడు నీళ్లలో పడతాం. పడవ బోర్లా పడటం మాకు మామూలు విషయం. అందుకే బట్టలు ఎండని చూసి కాదు, నీళ్లని చూసి వేసుకుంటాం.

పడితే ఏమవుతుంది? చన్నీళ్లలో మనిషి ఒంటికి ఏమవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించిన ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ (కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం ఆయనది) ఒక లెక్క చెప్తారు: 1-10-1. మొదటి 1 నిమిషం ఊపిరి ఎగబీలుస్తాం, అది మన చేతిలో ఉండదు. అప్పుడు మొహం నీళ్లలో ఉందా, నీళ్లే లోపలికి పోతాయి. తర్వాత 10 నిమిషాలు చేతులు మన మాట వింటాయి. ఆపైన తాడు పట్టుకోమన్నా పట్టుకోవు. ఒంట్లో వేడి పోయి స్పృహ తప్పడానికి 1 గంట దాకా పడుతుంది. అంటే చలి చంపేలోపే మునిగిపోయే అవకాశం ఎక్కువ. లైఫ్ జాకెట్ లేకుండా డ్రైసూట్ (నీళ్లు లోపలికి రాకుండా ఒళ్లంతా కప్పే సూట్) ఒక్కటే వేసుకుని బయల్దేరేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

[సూట్ పైకెత్తి చూపిస్తూ]

వెట్‌సూట్‌లోకి కొంచెం నీళ్లు వస్తాయి, ఒంటి వేడికి అవి వెచ్చబడతాయి. డ్రైసూట్‌లోకి అసలు రావు. అయితే పట్టుకుని చూడండి, రెయిన్‌కోటు గుడ్డలా పల్చగా ఉంది కదా? దీనికి సొంత వేడంటూ ఏమీ లేదు. వెచ్చదనమంతా లోపల వేసుకునే ఫ్లీస్‌ది, అంటే నూగులాంటి వెచ్చటి గుడ్డది. కాటన్ బనియన్ మాత్రం వద్దు, చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోతుంది.

కొనేటప్పుడు గాలాడే గుడ్డ తీసుకోండి, లేకపోతే మీ చెమటలో మీరే నానతారు. జిప్పు భుజాల వెనక ఉంటే మూయడానికి ఇంకో మనిషి కావాలి. ముందు ఏటవాలుగా ఉంటే మీరే వేసుకోవచ్చు. ఆడవాళ్లు బాత్రూమ్ జిప్పు ఉన్నదే కొనండి, ఆ డబ్బు దగ్గర పీనాసితనం పనికిరాదు. వేసుకున్నాక గొంతుక్కూర్చుని మెడ సీల్‌ని, అంటే మెడ చుట్టూ బిగుతుగా ఉండే పట్టీని, వేలితో కాస్త లాగి పట్టుకోండి, లోపలి గాలి బుస్సుమని పోతుంది.

అసలు కథ ఈ సీళ్లది. మెడకీ మణికట్లకీ ఉండే లేటెక్స్ (పల్చటి రబ్బరు) పట్టీలు. కొత్తలో మెడ సీల్ గొంతు నులిమినట్టే ఉంటుంది. వెంటనే కత్తెర తీయకండి. ఇదిగో, స్టీలు గిన్నె. మీ మెడకన్నా కాస్త లావున్నది చూసి, సీల్ దానికి తొడిగి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి సాగుతుంది. అప్పటికీ గుటక దిగకపోతే, ఈ గీతలు కనిపిస్తున్నాయా? ఒక్కో గీత చొప్పున కోయాలి. కత్తెర పదునుగా ఉండాలి, కోత ఆగకుండా సాగాలి. అంచున చిన్న గాటు పడినా, తొడిగేటప్పుడు అక్కణ్నుంచే బర్రున చిరుగుతుంది. గాజులు, వాచీ, నల్లపూసలు ముందే తీసేయండి.

ఇంకో శత్రువు కొబ్బరినూనె. నవ్వకండి. మా అమ్మ ఇక్కడికొచ్చిన వేసవిలో రోజూ తలకి నూనె పెట్టి జడ వేసేది. నేను ఆ జడతోనే సూట్ తొడుక్కునేదాన్ని. సీజన్ అయ్యేసరికి మెడ సీల్ జిగురుపట్టి, లాగితే పాకంలా సాగి తెగింది. తప్పు నాదే. నూనె, సన్‌స్క్రీన్, క్రీములు లేటెక్స్‌ని తినేస్తాయి.

ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరేయండి. లోపలివైపు కూడా ఆరాలి. జిప్పు దగ్గర గట్టిగా మడత పెట్టొద్దు. ఇత్తడి జిప్పుకి పళ్ల మీద మైనం రుద్దాలి. ప్లాస్టిక్‌దైతే మూసుకునే చివర, దాంతోపాటు ఇచ్చిన గ్రీజు కొద్దిగా చాలు.

ఎక్కడైనా కారుతోందని అనుమానమా? మెడకో గిన్నె, మణికట్లకి రెండు సీసాలు బిగించి, లోపలికి గాలి కొట్టి జిప్పు మూసేయండి. పైన సబ్బునీళ్లు పట్టిస్తే చిల్లి ఉన్నచోట బుడగలొస్తాయి.

[జిప్పు చివరిదాకా లాగి, పక్కమనిషి చేత చూపించుకుని, నడుం లోతు నీళ్లలోకి దిగి, చేతులు ముంచి]

కాళ్లు పొడి... నడుం పొడి... ఎడమ మణికట్టు... ఊఁ, చెమ్మ తగులుతోంది. సాయంత్రం సబ్బునీళ్లు కలపాలన్నమాట.