కాస్మిక్ కిరణాల కాళ్లకు సంకెళ్లు వేసిందెవరు? అవే!

నమస్తే, సిరొంచ నుంచి మళ్లీ వచ్చాను. ఈరోజు కోపంగా ఉన్నాను, ముందే చెబుతున్నా.

కాస్మిక్ కిరణాలంటే అంతరిక్షం నుంచి దాదాపు కాంతి వేగంతో వచ్చే కణాలు, ఎక్కువగా ప్రోటాన్లు. సూపర్నోవా అంటే నక్షత్రం పేలుడు. పోయిన వీడియో కింద ఒక తమ్ముడు "అన్నా, కాస్మిక్ కిరణాలకు సూపర్నోవాలే పుట్టిల్లు అన్న కథ అయిపోయింది, చైనా వాళ్లు తేల్చేశారు" అని రాశాడు. దానికి లైకులే లైకులు! ఏం తేల్చారయ్యా? 2021లో చైనాలోని లాసో అబ్జర్వేటరీ వాళ్లు, 100 టెరా (లక్ష కోట్ల) ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దాటిన గామా కిరణాలు వచ్చే 12 చోట్లు చూపించారు. అవి వచ్చే చోట అంతకన్నా శక్తి ఉన్న కణాలు ఉంటాయి. వాటిలో చాలా చోట్ల దగ్గర్లో పల్సార్లు, అంటే గిర్రున తిరిగే చచ్చిన నక్షత్రాలు, ఉన్నాయి. అంతే, సూపర్నోవాకు పాడె కట్టేశారు మనవాళ్లు!

నేను ఒకటే మాట చెబుతా. కాస్మిక్ కిరణాలు తమ దారికి తామే అడ్డం పడతాయి. అది పట్టుకుంటే మిగతాదంతా అదే వస్తుంది.

సాయంత్రం ప్రాణహిత ఒడ్డు నుంచి మంద తిరిగొస్తుంది కదా. ఒక్క ఆవు నడిస్తే దుమ్ము లేవదు. నలభై ఒకేసారి పరుగందుకుంటే లేస్తుంది. వెనక ఉన్నవాటికి దారి కనిపించదు, ఒకటి కంపలోకి పోతుంది, ఇంకోటి అడ్డం తిరుగుతుంది. మా పెద్దమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని తిడుతూ నడుస్తుంది. ఎంత ఉరికితే అంత దుమ్ము, ఎంత దుమ్మైతే అంత నెమ్మది!

ప్లాస్మాలోనూ, అంటే విద్యుదావేశం ఉన్న కణాల వాయువులోనూ, ఇదే. అయస్కాంత గీతల వెంట, మీటిన తీగలో అలల్లా, ఆల్ఫ్‌వెన్ తరంగాలు వాటి వేగంతో అవి పోతుంటాయి. కాస్మిక్ కిరణాల ప్రోటాన్ల గుంపు మొత్తంగా అంతకన్నా జోరుగా దూసుకుపోతే తరంగాలు పెరుగుతాయి. ఆ తరంగాలే ప్రోటాన్లను అటూ ఇటూ తిప్పి గుంపును నెమ్మదింపజేస్తాయి. 1969లో కుల్స్‌రడ్, పియర్స్ దీన్ని లెక్క కట్టి చూపించారు. వాన పడ్డ దారిలో దుమ్ము లేవదు చూడండి, అలాగే చల్లని మేఘాల్లో విద్యుదావేశం లేని వాయువు ఎక్కువైతే ఈ తరంగాలు చచ్చిపోతాయి.

దాదాపు కాంతి వేగంతో పోయే కణం నేరుగా పోతే కొన్ని వేల ఏళ్లలో గెలాక్సీ పళ్లెం దాటాలి. కానీ కాస్మిక్ కిరణాల్లో ఉండి, తెలిసిన లెక్కన క్షీణించే బెరీలియం-10 అనే గడియారం చూస్తే సుమారు కోటి ఏళ్లు తిరుగుతూనే ఉన్నాయి!

ఇక 2004లో టోనీ బెల్ ఇంకో అడుగు వేశాడు. పేలుడు అంచు దాటి పారిపోతున్న ప్రోటాన్ల కరెంటు అయస్కాంత గీతలను మెలిపెట్టి, ఆ క్షేత్రాన్ని ఎన్నో రెట్లు పెంచేస్తుందన్నాడు. ఆ బలమైన క్షేత్రమే కణాలను పేలుడు అంచు దగ్గరే తిప్పి తిప్పి ఇంకా పెద్ద శక్తికి తోస్తుంది. చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు ఫోటోల్లో, ఒక సూపర్నోవా మిగిల్చిన కాసియోపియా-ఎ అంచున దారపు పోగుల్లాంటి సన్నటి ఎక్స్-రే గీతలు చూశారా? బలమైన క్షేత్రంలో ఎలక్ట్రాన్లు త్వరగా శక్తి పోగొట్టుకుంటాయి, అందుకే అంత సన్నం.

ఇక నా థియరీ, తిట్టుకున్నా పర్వాలేదు. నక్షత్రం పేలిన తొలి ఏళ్లలోనే పెద్ద శక్తి కణాలు తయారై వెళ్లిపోతాయి. కాసియోపియాకు ఇప్పుడు సుమారు 350 ఏళ్లు. అక్కడికి పోయి "పెటా (వెయ్యి టెరా) శక్తి కణాలేవీ?" అంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే! 1604 తర్వాత మన గెలాక్సీలో సూపర్నోవాను కంటితో స్పష్టంగా చూసినవాడే లేడు. కొత్తది పేలనీ, అప్పుడు మాట్లాడుకుందాం తమ్ముడూ.

అరె, మంద వస్తోంది! మైకులోకి దుమ్ము పోతుంది, ఆపేస్తున్నా...