ఫైర్‌స్టోన్ గేట్ల వెనక ఏముండేది?

[తెరపై: పొడవైన తెల్లటి భవనం, నలుపు తెలుపు ఫొటో]

1980 ఆగస్టు. ఇంగ్లండ్‌లో బ్యాంక్ హాలిడే సెలవులు. లండన్ పడమటి వైపు గ్రేట్ వెస్ట్ రోడ్డు మీద ఉన్న ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ ముందుభాగాన్ని ఆ సెలవుల్లోనే కూలగొట్టేశారు. దాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చే ప్రయత్నం అప్పటికే మొదలైంది. ఆఫీసులు తెరిచేసరికి చేర్చడానికి ఏమీ మిగల్లేదు.

వాలిస్, గిల్బర్ట్ అండ్ పార్ట్‌నర్స్ డిజైన్ చేసిన ఆ ఫ్యాక్టరీ 1928లో మొదలైంది. ఈజిప్టు గుడులను తలపించే స్తంభాలు, వాటి మీద రంగురంగుల టైల్స్. ఇప్పుడు గేట్లు, కంచె ఉన్నాయి, అంతే. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కానీ ఆ ముఖభాగం ఆఫీసు. టైర్లు తయారైంది వెనక షెడ్లలో. అందుకే పాత ఫ్యాక్టరీని కొలతలు, ప్లాను, ఫొటోలతో రికార్డు చేయడం వెనక నుంచి మొదలుపెట్టాలంటాను.

[తెరపై: రంపం పళ్లలాంటి కప్పు, గీతల బొమ్మ]

ముందు షెడ్డు కప్పు చూడండి. రంపం పళ్లలా ఉంటుంది, ప్రతి పన్నుకూ ఒకవైపు వాలు, రెండోవైపు అద్దాలు. ఆ అద్దాలను ఉత్తరం వైపు పెట్టేవారు. మనకైతే మే, జూన్‌లలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. బ్రిటన్‌లో అలా జరగదు, మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. ఉత్తరపు అద్దాల్లోంచి ఎండ పొడ కాకుండా నిలకడైన వెలుతురు వస్తుంది. నేత మిల్లులో మగ్గం మీద తెగిన దారం కనబడాలంటే అదే కావాలి. కాబట్టి ప్లాన్ గీసేటప్పుడు ఉత్తరం గుర్తు మరిచిపోవద్దు.

[తెరపై: పుట్టగొడుగు ఆకారపు స్తంభాలు]

తర్వాత స్తంభాలు. నాటింగ్‌హామ్ దగ్గర బీస్టన్‌లో, బూట్స్ అనే మందుల కంపెనీకి ఇంజనీరు ఓవెన్ విలియమ్స్ కట్టిన డి10 ఫ్యాక్టరీలో దూలాలు లేవు. 1932 నాటిది. స్తంభం పైన పుట్టగొడుగులా విచ్చుకుని స్లాబును మోస్తుంది. బయటి గోడ మీద బరువు పడదు, అందుకే గోడంతా అద్దమే! ఇలాంటి చోట స్తంభం నడిమి నుంచి పక్క స్తంభం నడిమికి ఎంత దూరమో టేపుతో కొలవండి. కాంక్రీటు లోపలి కడ్డీలు కంటికి కనబడవు, వాటికి అసలు డ్రాయింగులే దిక్కు.

పక్కన కొలబద్ద పెట్టి ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. ఎక్కడి నుంచి తీశారో ప్లాన్ మీద నంబరు వేయండి. కూలిపోయిన కప్పుల కోసం, 1919 నుంచి ఏరోఫిల్మ్స్ సంస్థ విమానాల్లోంచి తీసిన ఫొటోలు వెతకండి.

[తెరపై: హూవర్ భవనం]

లండన్ పడమటి వైపే, పెరివేల్‌లోని ఈ హూవర్ వాక్యూమ్ క్లీనర్ల ఫ్యాక్టరీ భవనానిదీ ఫైర్‌స్టోన్‌ను డిజైన్ చేసిన సంస్థే. 1980లోనే జాబితాకెక్కి బతికింది. వెనక సూపర్‌మార్కెట్ వచ్చింది. వెళ్తే ముందు పచ్చిక మీంచే ఫొటో తీసుకుని వచ్చేయకండి, పక్క గోడ వెంట వెనకదాకా నడవండి.