బొమ్మ చూసి ఒప్పుకోకండి, పట్టిక చదవండి: సామాజిక సౌకర్యాల కోసం జోన్ మార్పు

నమస్కారం. కాలనీ చివర ఒక ఎకరం ఖాళీ స్థలం ఉంది. దాన్ని నివాస జోన్ (ఇళ్లకు కేటాయించిన భూమి) నుంచి సామాజిక సౌకర్యాల జోన్‌కి (గ్రంథాలయం, ఆసుపత్రి లాంటివాటికి కేటాయించిన భూమి) మారుస్తున్నామని, అభ్యంతరాలు, సూచనలు ఫలానా తేదీలోగా ఇవ్వమని నోటీసు వచ్చిందనుకుందాం. దాంతోపాటు ఒక బొమ్మ కూడా చూపించారు. గ్రంథాలయం, ముందు చెట్లు, నీడలో బెంచీలు. ఎవరు కాదంటారు? కానీ ఆ బొమ్మ ఉత్తర్వులో ఉండదు. ఉత్తర్వులో ఉండేది స్థలం హద్దులు, పాత జోన్, కొత్త జోన్. షరతులు పెడితే షరతులు. అంతే.

జోన్ అనేది మనిషికిచ్చే అనుమతి కాదు, భూమికి అంటుకునే అనుమతి. యజమాని మారినా, పాలకవర్గం మారినా అది అక్కడే ఉంటుంది. అందుకని మొదట చదవాల్సింది కొత్త జోన్‌కి జతచేసిన వినియోగాల పట్టిక. అందులో సాధారణంగా మూడు రకాలుంటాయి: నేరుగా అనుమతించేవి, ప్రత్యేక అనుమతితో వచ్చేవి, నిషేధించినవి. గ్రంథాలయం ఉన్న వరుసలోనే ఆసుపత్రి, హాస్టలు, పెద్ద సమావేశ మందిరం కూడా ఉండొచ్చు. రేపు గ్రంథాలయానికి నిధులు రాకపోతే, ఆ వరుసలో ఉన్న ఏదైనా మళ్లీ మిమ్మల్ని అడగకుండానే కట్టుకోవచ్చు. పట్టికలో ప్రతి వాడకం పక్కనా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది వచ్చినా నాకు సమ్మతమేనా?

మ్యాప్ రంగులు చూసేటప్పుడు కూడా కింద ఉన్న సూచిక చదవండి. మన దేశంలోని మాస్టర్ ప్లాన్లలో, అంటే ఊరిలో ఏ భూమి దేనికో చూపే ప్రణాళికల్లో, సాధారణంగా నీలం అంటే వాణిజ్యం, ఎరుపు అంటే ప్రజా సంస్థలు. అమెరికా పద్ధతిలో ఎరుపు వాణిజ్యానికి, నీలం సంస్థలకు. ఇంటర్నెట్‌లో చూసిన మ్యాప్ అలవాటుతో చదివితే అసలు విషయం తారుమారవుతుంది.

'సౌకర్యం' అన్న మాట ఎంత సాగుతుందో చెప్పడానికి 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెంగళూరు మెడికల్ ట్రస్ట్ తీర్పు ఉంది. లేఅవుట్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి కేటాయించారు. వైద్యం కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్నది వాదన. ఆ ప్రాంత నివాసులు కోర్టుకెళ్లారు, గెలిచారు. పార్కూ ఆసుపత్రీ రెండూ అవసరమే, కానీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టి లెక్క సరిపోయిందంటే కుదరదు. ఖాళీ స్థలం ఇచ్చే గాలీ వెలుతురూ భవనం నుంచి రావు.

ఇప్పుడు స్థలం చాలుతుందో లేదో చూద్దాం. నా దృష్టిలో ఎక్కువ ప్రతిపాదనలు తేలిపోయేది ఇక్కడే. 300 మంది పట్టే హాలు తీసుకోండి. మనిషికో కారు వద్దు, ముగ్గురికి ఒకటి లెక్కేద్దాం, 100 కార్లు. కారు నిలిపే చోటుతో పాటు అది తిరగడానికి దారి కూడా కావాలి కాబట్టి ఒక్కోదానికి సుమారు 25 చదరపు మీటర్లు. మొత్తం 2,500. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. పార్కింగ్‌కే 60 శాతానికి పైగా పోయింది. మిగిలిన దాంట్లో హాలు, నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ, ఫైరింజను తిరిగే దారి, బొమ్మలో చూపించిన చెట్లు పట్టాలి. పట్టడం కష్టం. అందరూ కార్లలో రారనుకుని సగానికి తగ్గించినా, పార్కింగ్‌కే 30 శాతానికి పైగా పోతుంది. చోటు చాలని బళ్లన్నీ మీ వీధిలోనే నిలబడతాయి. ట్రాఫిక్ నివేదిక ఇస్తే లెక్క ఏ రోజు తీశారో చూడండి. బడి సెలవుల్లో తీసిన లెక్క పనికిరాదు.

అభ్యంతరం రాసేటప్పుడు 'మాకిది వద్దు' అని 200 సంతకాలు పెడితే, దాన్ని ఒకే అభ్యంతరంగా లెక్కేసి ఒకే వాక్యంలో జవాబిచ్చేస్తారు. దానికి బదులు ఇలా రాయండి: 'ప్రతిపాదిత గేటు 6 మీటర్ల వీధిలోకి తెరుచుకుంటోంది. ఎదురెదురుగా రెండు బళ్లొస్తే, ఒక పక్క బండి ఆగి ఉంటే దారి మూసుకుపోతుంది. గేటును తూర్పు వైపు పెద్ద రోడ్డుకు మార్చాలి.' ఇందులో చోటుంది, కారణముంది, కోరికుంది. దీన్ని కాదనాలంటే అవతలివాళ్లూ కారణం రాయాలి. ఒక్కో అంశానికీ వేరే నంబరు వేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకుని దాచుకోండి.

ఈ అభ్యంతరాల మీద సభ పెట్టి విచారణ జరిపే అధికారులకు కూడా ఒక మాట. సర్వే నంబర్లు మాత్రమే వేసిన నోటీసు చూసి అది తమ పక్క స్థలమని చాలామందికి తెలియదు. మ్యాప్ జతచేయండి, దగ్గరి గుర్తులు రాయండి, స్థలం దగ్గరే బోర్డు పెట్టండి. పని రోజు ఉదయం 11 గంటలకు సభ పెడితే ఉద్యోగాలకూ కూలికీ వెళ్లేవాళ్లు రారు, అద్దెకుండేవాళ్లకు అసలు ఉత్తరమే అందదు. సాయంత్రం ఒకసారి, సెలవు రోజు ఒకసారి పెట్టండి. అదీ నమూనా ఖరారు కాకముందే. గీతలన్నీ గీసేశాక అడిగితే, జనం చెప్పింది విన్నా మార్చడానికి ఏమీ మిగలదు. వచ్చిన ప్రతి సూచననీ నాలుగు గడుల పట్టికలో పెట్టండి: ఏం అడిగారు, ఏం జవాబిచ్చాం, నమూనాలో ఏం మారింది, మారకపోతే ఎందుకు. అందరికీ కనిపించేలా ఉంచండి. నాలుగో గడి ఖాళీగా వదిలిన పట్టిక చూస్తే బాధేస్తుంది, అవతల ఒక మనిషి కూలి మానుకుని వచ్చి చెప్పి ఉంటాడు.

సభలో ఇచ్చిన హామీలు ఉత్తర్వులో షరతులుగా రాకపోతే గాలిలో కలిసిపోతాయి. గేటు ఎటు వైపు, భవనం ఎత్తెంత, మైకు ఎన్ని గంటలకు ఆపాలి, ఏ చెట్లు ఉంచాలి, ఏయే వాడకాలు తీసేశారు, ఇవన్నీ అక్షరాల్లో ఉండాలి. ఇన్నేళ్లలో కట్టడం మొదలవకపోతే పాత జోన్‌కే తిరిగి వస్తుందన్న గడువు షరతు కూడా చట్టం ఒప్పుకునే చోట అడగండి. లేకపోతే స్థలం ఏళ్ల తరబడి అలాగే పడి ఉండి ఆక్రమణలపాలవుతుంది. కట్టాక కరెంటు బిల్లు, కాపలా, మరమ్మతులు ఎవరి పద్దులోంచి వస్తాయో సభలోనే అడిగి మినిట్స్‌లో రాయించండి.

చివరగా ఉత్తర్వు ప్రచురితమైన రోజే దాన్ని, మీ దగ్గరున్న ముసాయిదాను పక్కపక్కన పెట్టుకుని చదవండి. హద్దులు అవేనా, విస్తీర్ణం అంతేనా, షరతులన్నీ ఉన్నాయా? అప్పీలు గడువు చాలాచోట్ల తక్కువ రోజులే, అదీ ప్రచురించిన రోజు నుంచో, ఉత్తర్వు తేదీ నుంచో నడుస్తుంది. ఎప్పటి నుంచన్నది ఆ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి.