యాడ్స్ అకౌంట్ తెరిచేటప్పుడు నెక్స్ట్ నొక్కే ముందు

అందరికీ నమస్కారమండీ. గూగుల్‌లో డబ్బు కట్టి ప్రకటనలిచ్చే గూగుల్ యాడ్స్ గురించి మాట్లాడమన్నారు, అదే, 2000లో యాడ్‌వర్డ్స్ అని మొదలుపెట్టి 2018లో పేరు మార్చారు చూడండి, అది. యాడ్ ఎలా రాయాలన్నది ఇవాళ పక్కన పెడతా, అకౌంట్ దగ్గరే బోలెడు సంగతుంది.

అకౌంట్ మీ సొంత మెయిల్ ఐడీతోనే తెరవండి. యాడ్స్ చూసుకోడానికి ఎవరినైనా పెట్టుకున్నా సరే వాళ్ళకి యాక్సెస్ ఇవ్వండి చాలు, అడ్మిన్‌గా మీరుండాల్సిందే, లేదంటే వాళ్ళతో చెడిన రోజు ఏ పదానికి ఎంత ఖర్చయింది, దేనికి ఫోన్లు వచ్చాయి అన్న పాత లెక్కంతా వాళ్ళ దగ్గరే ఉండిపోద్ది, మీరు మళ్ళీ మొదట్నుంచి రావాలి. కరెన్సీ కూడా చూసి పెట్టుకోండి, తర్వాత మార్చనివ్వరు.

ఇక డబ్బు పోయేదెక్కడంటే, ముందే టిక్ పెట్టి ఉంచే ఆప్షన్ల దగ్గర. సెర్చ్ యాడ్, అంటే గూగుల్‌లో వెతికినప్పుడు కనపడే యాడ్ పెడుతుంటే, వేరే వెబ్‌సైట్లలో, యాప్‌లలో యాడ్స్ చూపించే డిస్‌ప్లే నెట్‌వర్క్ కూడా కలిపేసి ఉంటది, కొత్తవాళ్ళయితే అది తీసేయమనే నేను చెప్తా, ఎందుకంటే వెతుక్కుంటూ వచ్చినోడికి అవసరం ఉంది, ఎక్కడో వార్తలు చదువుకునేవాడికి లేదు. లొకేషన్ కూడా అంతే, మీరు ఏరియా పెట్టాం కదా అనుకుంటారు, వాళ్ళేమో ఆ ఏరియాలో ఉన్నవాళ్ళతో పాటు దాని మీద ఆసక్తి చూపించిన బయటివాళ్ళకి కూడా చూపిస్తారు, ఇంటికెళ్ళి రిపేర్లు చేసే మనిషికి డబ్బు పోయే ఆ క్లిక్ ఎందుకండీ? అక్కడే ఉన్నవాళ్ళకి మాత్రమే అనే ఆప్షన్ కాస్త లోపలుంటది, తెరిచి మార్చుకోండి.

బడ్జెట్ చూసి కంగారు పడేవాళ్ళు చాలామంది. రోజుకి ఇంత అని పెడితే ఒక్కోరోజు దానికి రెండింతల దాకా లాగొచ్చు, నెల మొత్తం మీద మాత్రం ఆ రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు (నెలకి సగటున ఉండే రోజులు) దాటదు, కాబట్టి నెలకి ఎంత పెట్టగలరో అనుకుని దాన్ని 30.4తో భాగించి వేసుకోండి.

కీవర్డ్స్, అంటే ఏ మాటలు వెతికితే మీ యాడ్ రావాలో ఆ మాటలు పెట్టాక వారానికోసారైనా సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరవండి, జనం నిజంగా ఏం టైప్ చేస్తే మీ యాడ్ వచ్చిందో అందులో ఉంటది. ఫ్రీ, జాబ్స్, సొంతంగా చేయడం ఎలా, ఇలాంటివి కనపడతాయి, వాటిని నెగటివ్ కీవర్డ్స్‌లో, అంటే యాడ్ రాకూడని మాటల లిస్టులో పడేయండి. నన్నడిగితే కొత్త యాడ్ రాయడం కన్నా ఈ పనికే ఎక్కువ ఫలితం.

అయితే వచ్చిన కాల్స్, ఫారాలు లెక్కపెట్టే కన్వర్షన్ ట్రాకింగ్ లేకుండా మాత్రం యాడ్ ఆన్ చేయకండి, క్లిక్కులు చూసి మురిసిపోవడమే మిగులుద్ది. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్ళు తెరవండి, ఆ ట్రాకింగే ఇప్పుడు కలిసి పెట్టేద్దాం.