దుకాణం చిన్నదా, దుకాణదారు చిన్నవాడా? బ్రిటన్‌లో బజారు పన్ను గొడవ

[తెర మీద: ఒక పబ్ తలుపు. అద్దానికి లోపలివైపు నుంచి అతికించిన కాగితం.]

2025 డిసెంబరులో ఇంగ్లండ్‌లో చాలా పబ్బుల తలుపుల మీద ఇలాంటి కాగితం కనిపించింది. లేబర్ ఎంపీలను లోపలికి రానివ్వం అని దాని అర్థం. అంటే పాలక పార్టీ ఎంపీ సొంత నియోజకవర్గంలో సాయంత్రం ఓ గ్లాసు బీరు తాగుదామని వెళ్తే గుమ్మం దగ్గర నుంచే వెనక్కి రావాలి. తమాషా ఏంటంటే, అదే ప్రభుత్వం అంతకు కొద్ది నెలల ముందే బజారు వీధుల్లోని చిన్న వ్యాపారాలను ఆదుకుంటామంటూ పార్లమెంటులో చట్టం చేసింది. మేలు చేశామని వాళ్లు, ముంచారని వీళ్లు. లెక్క వేసి చూస్తే ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

[తెర మీద: పన్ను బిల్లు నమూనా. రెండు అంకెలకు ఎర్ర సున్నా చుట్టాలి.]

ముందు ఈ పన్ను సంగతి. పేరు బిజినెస్ రేట్స్. లాభం మీద వేసేది కాదు, అమ్మకాల మీద వేసేదీ కాదు, మీరు షట్టర్ ఎత్తే చోటు మీద వేసేది. ఆ చోటును బయట కిరాయికిస్తే ఏడాదికి ఎంత వస్తుందో వాల్యుయేషన్ ఆఫీస్ వాళ్లు అంచనా కడతారు. దాన్ని రేటబుల్ వాల్యూ అంటారు. దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే బిల్లు. మల్టిప్లయర్ 49.9 పెన్స్ అంటే, అంచనా కిరాయిలో ప్రతి పౌండుకూ దాదాపు అర పౌండు పన్ను.

హైదరాబాద్‌లో షాపుల ఆస్తి పన్ను కూడా కిరాయి విలువ మీదే లెక్క కడతారు కాబట్టి మనకిది కొత్త కాదు. తేడా ఒక్కటే. మన దగ్గర నోటీసు ఓనరు పేరు మీద వస్తుంది. అక్కడ కిరాయికున్న వ్యాపారి పేరు మీద వస్తుంది. ఆ నెల గల్లా ఖాళీగా ఉన్నా సరే, కట్టాల్సిందే.

(ఇప్పుడు చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌ల పద్ధతులు వేరు.)

2020లో కోవిడ్ వచ్చి బజార్లు మూతపడ్డాక దుకాణాలు, హోటళ్లు, పబ్బులకు ఈ పన్ను పూర్తిగా మాఫీ చేశారు. తర్వాత రాయితీ కిందికీ పైకీ ఊగుతూ 2023లో 75 శాతం దగ్గర ఆగింది. 2025 ఏప్రిల్ నుంచి 40 శాతానికి పడింది. ఈ రాయితీకి చట్టంలో శాశ్వతమైన చోటంటూ ఉండేది కాదు. 1988 నాటి చట్టంలో కౌన్సిళ్లకున్న విచక్షణాధికారం కింద వాళ్లు తగ్గించేవారు, ఆ డబ్బు కేంద్రం వాళ్లకు తిరిగి ఇచ్చేది. వచ్చే ఏడు ఉంటుందా ఉండదా అన్నది బడ్జెట్ రోజు వరకు ఎవరికీ తెలిసేది కాదు. ఐదేళ్లకు లీజు రాసుకునేవాడికి ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది?

ఆ అనిశ్చితి పోగొడతామంటూ 2024 నవంబరులో ప్రభుత్వం బిల్లు తెచ్చింది. పేరు కాస్త నోరు తిరగదు: నాన్-డొమెస్టిక్ రేటింగ్ (మల్టిప్లయర్స్ అండ్ ప్రైవేట్ స్కూల్స్) బిల్లు. ప్రైవేటు స్కూళ్లు ఇందులోకి ఎందుకొచ్చాయంటారా? ఛారిటీ పేరుతో వాటికున్న పన్ను రాయితీని కూడా ఇదే బిల్లులో తీసేశారు. దాంతో సభలో బోలెడు సమయం స్కూళ్ల మీదే పోయింది. బడి ఫీజుల గొడవ పక్కన కిరాణా కొట్టు గొడవ ఎవరికి వినబడుతుంది!

బజారుకు సంబంధించిన భాగం ఇది. ఏటా ఇచ్చే రాయితీ బదులు దుకాణాలు, హోటళ్లు, వినోద కేంద్రాలకు శాశ్వతంగా తక్కువ మల్టిప్లయర్. ఆ లోటు పూడ్చడానికి 5 లక్షల పౌండ్లు, ఆపైన విలువ కట్టిన ఆస్తులకు ఎక్కువ మల్టిప్లయర్. ఆన్‌లైన్ కంపెనీల భారీ గోడౌన్ల దగ్గర తీసుకుని వీధి దుకాణానికి ఇస్తున్నాం అని మంత్రుల వాదన. వినడానికి ఎంత బాగుందో!

[తెర మీద: పక్కపక్కనే మూడు భవనాలు: గోడౌన్, ఆసుపత్రి, బజారు మధ్యలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్.]

చిక్కు ఇక్కడే. 5 లక్షలు దాటే భవనం గోడౌన్ ఒక్కటే కాదు. పెద్ద ఆసుపత్రి దాటుతుంది, సూపర్ మార్కెట్ దాటుతుంది. ఊరి బజారుకు జనాన్ని లాక్కొచ్చే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరూ దాటుతుంది. ఆ స్టోరు మూతపడితే చుట్టూ ఉన్న చిన్న కొట్లకు గిరాకీ ఎక్కడిది? పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఈ ప్రశ్నే గట్టిగా లేచింది. కొన్నిటికి మినహాయింపులిమ్మని అడిగారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. దిగువ సభ కామన్స్‌లో మెజారిటీ ఉంది, డబ్బుకు సంబంధించిన విషయాల్లో చివరి మాట ఎలాగూ ఆ సభదే. 2025 ఏప్రిల్‌లో బిల్లు చట్టమైంది.

నన్నడిగితే, లార్డ్స్ లేవనెత్తిన దానికి అవతలి కొస కూడా ఉంది. దాని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. పాత రాయితీకి ఒక పరిమితి ఉండేది: ఒక వ్యాపార సంస్థకు ఎన్ని దుకాణాలున్నా అన్నిటికీ కలిపి ఏడాదికి 1,10,000 పౌండ్లకు మించి రాయితీ రాదు. మూడు వందల బ్రాంచీలున్న కాఫీ కంపెనీకి అది ఏ మూలకు! ఒకే కొట్టున్న ఆసామికి మాత్రం చాలినంత. కొత్త మల్టిప్లయర్‌కు ఆ పరిమితి లేదు. విలువ 5 లక్షల లోపుంటే చాలు, మూడు వందల బ్రాంచీలకూ తగ్గింపు రేటే. చట్టం కొలిచేది గదిని. ఆ గది తాళంచెవి ఎవరి జేబులో ఉందో దానికి పట్టదు.

ఇప్పుడు లెక్క.

[తెర మీద: నల్లబల్ల. అంకెలు ఒక్కొక్కటిగా రావాలి.]

రేటబుల్ వాల్యూ 20,000 పౌండ్లున్న ఒక చిన్న కాఫీ షాపు అనుకుందాం. 49.9 పెన్స్‌తో గుణిస్తే 9,980. 2024-25లో 75 శాతం రాయితీ పోను కట్టింది 2,495 పౌండ్లు. 2025-26లో 40 శాతం రాయితీ పోను 5,988. ఇక 2025 నవంబరు 26న ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ బడ్జెట్‌లో ఇలాంటి చిన్న దుకాణాలకు ప్రకటించిన కొత్త మల్టిప్లయర్ 38.2 పెన్స్. మామూలు చిన్న వ్యాపారాల రేటు 43.2, దానికన్నా 5 పెన్స్ తక్కువ. చట్టం ప్రకారం 20 పెన్స్ దాకా తగ్గించవచ్చు, తగ్గించింది ఐదు. 20,000కి 38.2 పెన్స్ చొప్పున 7,640.

మళ్లీ చూడండి. 2,495... 5,988... 7,640. రేటు తగ్గింది, బిల్లు పెరిగింది. ఏళ్ల తరబడి ఉన్న 49.9 నుంచి దించాం కదా అని ప్రభుత్వం అంటుంది, అబద్ధం కాదు. నేను కట్టేది మూడింతలైంది కదా అని కొట్టువాడు అంటాడు, అదీ అబద్ధం కాదు. పెంపు ఒక్కసారే మీద పడకుండా మెల్లమెల్లగా ఎక్కించే ఏర్పాటు ఉంది. కానీ చివరికి చేరేది అక్కడికే.

ఇది విలువ మారకపోతే. విలువ మారింది! 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త అంచనాలు. పాత అంచనాకు ప్రాతిపదిక 2021 ఏప్రిల్ 1 నాటి కిరాయిలు. ఆ రోజు ఇంగ్లండ్‌లో పబ్బులకు తాళాలు, చాలా దుకాణాలకు కూడా. తాళం వేసిన కొట్టుకు కిరాయి ఎంత పలుకుతుంది? కొత్త అంచనాకు ప్రాతిపదిక 2024 ఏప్రిల్ 1, మళ్లీ సందడి వచ్చిన రోజులు. పైగా పబ్బు విలువను చదరపు అడుగుల లెక్కన కట్టరు. మామూలుగా నడిపితే అక్కడ ఎంత వ్యాపారం జరుగుతుందన్నది చూసి కడతారు. అందుకే పబ్బుల అంచనాలు చాలాచోట్ల ఒక్కసారిగా ఎగిరాయి. తలుపుల మీద కాగితాలు ఆ కోపానివే.

కోపం పనిచేసింది. 2026 జనవరి చివర్లో ప్రభుత్వం పబ్బులకు, లైవ్ మ్యూజిక్ వేదికలకు బిల్లులో 15 శాతం తగ్గింపు ప్రకటించింది. మరి పక్కనే ఉన్న కేఫ్‌కి? రెస్టారెంట్‌కి? బట్టల కొట్టుకి? లేదు. పబ్బు అంటే ఇంగ్లీషువాళ్లకు మన ఊరి రచ్చబండ లాంటిది, దాని జోలికెళ్తే ఊరుకోరు. రచ్చబండ ఎదురుగా ఉన్న టీ కొట్టు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

[తెర మీద: ఈస్ట్ హామ్ బజారు వీధి. దక్షిణాది సరుకుల కొట్టు, ముందు కరివేపాకు కట్టలు.]

లండన్ ఈస్ట్ హామ్‌లో కొట్టున్న మనవాళ్లెవరైనా ఇది చూస్తుంటే ఒక విషయం పట్టించుకోండి. మీ కొట్టు విలువ 12,000 పౌండ్ల లోపుండి, మీకున్నది అదొక్కటే అయితే అసలు పన్నే కట్టక్కర్లేదు. 12,000 నుంచి 15,000 దాకా కొంత మినహాయింపు ఉంటుంది. ఇది పాత పథకమే, అలాగే ఉంది. కానీ వ్యాపారం బాగుందని రెండో కొట్టు తీశారనుకోండి. అది మరీ చిన్న గది అయితే తప్ప, గడువు దాటాక మొదటి కొట్టు మినహాయింపు కూడా పోతుంది. ఆ గడువు ఇదివరకు ఒక ఏడాదే. 2025 నవంబరు బడ్జెట్‌లో మూడేళ్లకు పెంచారు.

మూడు వందల కొట్లున్న కంపెనీకి ప్రతి కొట్టు మీదా తగ్గింపు రేటు. రెండో కొట్టు తీసిన ఆసామికి మూడేళ్ల గడువు. ఈ రెండూ ఒకే పన్నులో పక్కపక్కన ఉన్నాయి. మూడేళ్లకోసారి విలువలు మళ్లీ కడతారు, తర్వాతి విడత 2029లో. 2026లో రెండో కొట్టు తీసినవాళ్లకు ఆ గడువు తీరేదీ అప్పుడే.